లాన్సరోతే ఛాయాచిత్రాల్లో కనిపించని ఊళ్లు: అగ్నిపర్వత భూదృశ్యం – మానవ ఉనికి

వ్యాససంగ్రహం:

అట్లాంటిక్ సముద్రంలోని కానరీ ద్వీపాల్లో లాన్సరోతే ఒకటి. స్పెయిన్ పాలనలో ఉన్న ఈ ద్వీపంలో 1730–36 మధ్య జరిగిన విస్ఫోటనం ఊళ్లను, పంటపొలాలను కప్పివేసి కొత్త నేలను సృష్టించింది. నేడు తిమన్‌ఫాయా జాతీయ ఉద్యానవనంగా ప్రసిద్ధమైన ఆ నేలను సందర్శకులు, రచయితలు, చలనచిత్రకారులు ఎక్కువగా మనిషి ఎరుగని నేలగానే చూపారు. ఆ చూపు ఎలా ఏర్పడింది, దాన్ని ఏ రచనలు బలపరిచాయి, ఏవి కదిలించాయి అన్నది ఈ వ్యాసంలో చర్చనీయాంశం. కుర్బేలో దినచర్య, మిషెల్ వెల్బెక్ 'లాన్సరోతే', సెసార్ మన్రీకె గృహం, పెద్రో అల్మొదోవర్ చలనచిత్రం ఇందుకు ప్రధాన ఆధారాలు.

కీలకపదాలు: లాన్సరోతే, తిమన్‌ఫాయా, ఛాయాచిత్రం, యాత్రారచన, భూదృశ్యం, కుర్బేలో, వెల్బెక్, మన్రీకె, అల్మొదోవర్.

1. ప్రవేశిక

తిమన్‌ఫాయా చూడడానికి వచ్చినవారు తమకు నచ్చినచోట దిగి నడవడానికి వీలులేదు. ఇస్లోతె దె ఇలారియో అనే గుట్ట దగ్గర తమ వాహనం నిలిపి, ఉద్యానవనం బస్సు ఎక్కాలి. బిలాల అంచుల మీదుగా, గడ్డకట్టిన లావా మధ్యగా సుమారు 14 కిలోమీటర్ల దారి. రికార్డు చేసిన వ్యాఖ్యానం వినిపిస్తూ ఉంటుంది. మంచి దృశ్యం వచ్చిన ప్రతిచోటా బస్సు ఆగుతుంది. తలుపు మాత్రం తెరుచుకోదు. ఉద్యానవనం మార్గదర్శకుడి వెంట పరిమిత సంఖ్యలో, ముందే పేరు నమోదు చేసుకొని వెళ్ళే నడకలు ఉన్నాయి. కానీ వచ్చేవారిలో అత్యధికులకు తిమన్‌ఫాయా అంటే బస్సు కిటికీ అద్దమే.

ఈ నిషేధానికి సరైన కారణం ఉంది. బూడిదరాయి పరుచుకున్న నేలమీద ఒక్క అడుగు పడితే ఆ గుర్తు ఏళ్ల తరబడి చెరగదు. లావా మీద చాలా నెమ్మదిగా పెరిగే శిలావల్కాలు తొక్కిడికి తట్టుకోలేవు. ఏడాదికి 150 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని చోట ప్రకృతి తన గాయాన్ని తాను మాన్పుకోవడానికి పట్టే కాలం మనిషి ఆయుర్దాయంతో కొలిచేది కాదు. కనుక నియమాన్ని తప్పుపట్టే పని ఇక్కడ లేదు. ఆ నియమం వల్ల పుట్టే ఛాయాచిత్రమే ఇక్కడ పరిశీలనాంశం.

అద్దం గుండా తీసిన ఫొటోలో తీసినవారి చెయ్యి, ఫోను, పక్క సీటు ప్రయాణికుడి తల మసకగా ప్రతిఫలిస్తాయి. ఫొటో తీసేవారు వాటిని లోపాలుగా భావిస్తారు. ఫోనును అద్దానికి ఆనించి నీడను తప్పిస్తారు. కుదరకపోతే తరువాత కత్తిరిస్తారు. మిగిలేది ఎరుపు, నలుపు, గోధుమ వన్నెల శుద్ధమైన శూన్యం. ఆ చిత్రంలో మనిషి ఉన్నాడనడానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం చిత్రం 'బాగు' కావడం కోసం తొలగిపోతుంది. తిమన్‌ఫాయాకు కళలోనూ సాహిత్యంలోనూ జరిగినది చాలావరకు ఇదే. కత్తిరింపు అక్కడ ఇంకొంత లోతుగా జరిగింది.

2. పర్వతం కాదు, పొలం

తెలుగులో 'అగ్నిపర్వతం బద్దలైంది' అంటాం. ఆ వాక్యంలో పర్వతం ముందే ఉంటుంది. లాన్సరోతే విషయంలో ఈ మాట మనల్ని పొరపాటు పడేట్టు చేస్తుంది. 1730కి ముందు అక్కడ ఉన్నది పర్వతం కాదు, పొలం. ద్వీపంలో మేలైన సాగుభూమి చాలావరకు ఆ ప్రాంతంలోనే ఉండేది. భూమి సుమారు 14 కిలోమీటర్ల పొడవున ఒక వరుసలో చీలికలు వారి, అక్కడక్కడ తెరుచుకుంది. కొండలు ఆ తరువాత పుట్టాయి. నేడు బస్సులోంచి 'అనాదిగా నిలిచిన' కొండలని చూసేవి నిజానికి ఆ ఊళ్ల కంటే చిన్నవి.

ఈ సంగతి మనకు తెలియడానికి ముఖ్య ఆధారం యైసా గ్రామ మతగురువు ఆంద్రేస్ లొరెన్సో కుర్బేలో రాసిపెట్టిన వివరాలు. 1730 సెప్టెంబరు 1న రాత్రి తొమ్మిది, పది గంటల మధ్య తిమన్‌ఫాయా ఊరి దగ్గర నేల హఠాత్తుగా తెరుచుకుందని, ఆ తొలి రాత్రే ఒక పెద్ద కొండ పైకి లేచిందని, పందొమ్మిది రోజులు మంటలు ఆరలేదని ఆయన నమోదు చేశాడు. తరువాతి రోజుల్లో లావా సాంతా కతలీనా గ్రామాన్ని కప్పేసింది. అక్టోబరు 28న ఆ చుట్టుపక్కల పశువులు విషవాయువులకు ఊపిరాడక కూలిపోయాయి. 1731 జూను చివర్లో పడమటి తీరానికి చచ్చిన చేపలు కొట్టుకొచ్చాయి. వాటిలో ఎవరూ ఎన్నడూ చూడని రకాలూ ఉన్నాయి. కథనం 1731 డిసెంబరుతో ఆగిపోతుంది. విస్ఫోటనం మాత్రం 1736 ఏప్రిల్ దాకా సాగింది. చివరికి దాదాపు 200 చదరపు కిలోమీటర్లు, అంటే ద్వీపంలో సుమారు నాలుగో వంతు, లావా కింద, బూడిద కింద పడింది.

కుర్బేలో రాతలో గమనించదగినది అందులోని నామవాచకాల సాంద్రత. ఊరి పేరు, తేదీ, దిక్కు, పశువు, నీళ్లు. వర్ణన ఉంది, అయితే అది వీటికి లోబడి ఉంటుంది. తెలుగు పాఠకులకు ఈ పద్ధతి కొత్త కాదు. 1830లో బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకి ఊరి పేరు, అక్కడ నీటి వసతి, అంగళ్లు, దారి బాగోగులు రాసుకుంటూ పోయాడు. ఇద్దరి అవసరాలు వేరు. ఒకరు తన వెనుక రాబోయే యాత్రికుడి కోసం రాశారు. మరొకరు తన కళ్లముందు అంతరిస్తున్న ఊళ్ల కోసం. అయినా చోటును అక్కడ బతికేవారి అవసరాలతో కొలవడం ఇద్దరిలోనూ ఒకటే. కెమెరా పుట్టకముందు యాత్రారచన చేసిన ఈ పనిని కెమెరా వచ్చాక చాలామంది యాత్రికులు వదిలేశారు.

అయితే కుర్బేలోను అద్దం అడ్డులేని సాక్షిగా ఎంచడం తొందరపాటు. ఆయన మూలప్రతి దొరకలేదు. 1815లో కానరీ ద్వీపాలకు వచ్చిన జర్మన్ భూవిజ్ఞాని లియోపోల్డ్ ఫాన్ బూఖ్ 1825లో వెలువరించిన తన గ్రంథంలో పొందుపరిచిన జర్మన్ రూపమే లోకానికి చేరింది. ఫాన్ బూఖ్‌కు కావలసినది ఊళ్ల కథ కాదు. బిలాలు ఎలా ఏర్పడతాయన్న తన సిద్ధాంతానికి ఆధారం. ఒక గ్రామ పురోహితుడి దుఃఖం భూవిజ్ఞాన గ్రంథంలో దత్తాంశంగా బతికి బయటపడింది. ఈ మూలపాఠానికి కూడా ఒక కిటికీ అద్దం ఉందన్నమాట. ఆ అద్దం గుండా కూడా పశువులు, చేపలు, ఊరి పేర్లు కనిపిస్తూనే ఉండడం విశేషం.

తెలుగు ప్రాంతాల రెవెన్యూ రికార్డుల్లో 'బేచిరాగ్ గ్రామం' అన్న మాట ఉంది. చిరాగ్ అంటే దీపం. దీపం వెలగని ఊరు అని అర్థం. ఇళ్లూ మనుషులూ లేకపోయినా ఆ ఊరికి పేరు ఉంటుంది, హద్దులు ఉంటాయి, సర్వే నంబర్లు ఉంటాయి. తిమన్‌ఫాయా అలాంటి బేచిరాగ్ గ్రామం. 1974లో జాతీయ ఉద్యానవనాన్ని ప్రకటించినప్పుడు దానికి పెట్టినది కొండ పేరు కాదు, కొండల కిందికి పోయిన ఊరి పేరు. టికెట్టు మీద, పటం మీద, ఫొటో కింద సందర్శకులు రాసుకునేది ఆ ఊరి పేరే. రాసేవారిలో ఎందరికి అది ఊరి పేరని తెలుసునన్నది వేరే ప్రశ్న.

ద్వీపవాసుల స్మృతిలో ఈ కథకు ఇంకో రూపం ఉంది. లావా మంచా బ్లాంకా గ్రామం వైపు వస్తున్నప్పుడు జనం దుఃఖమాత విగ్రహాన్ని మోసుకుంటూ ఎదురు వెళ్లారని, గుడి కట్టిస్తామని మొక్కుకున్నారని, లావా అక్కడితో ఆగిందని జనశ్రుతి. ముప్పు తప్పాక మొక్కు మరచిపోయారట. కొన్ని దశాబ్దాల తరువాత ఆ తల్లి ఒక గొర్రెలకాపరి పిల్లకు కనిపించి గుర్తు చేయవలసి వచ్చిందట. మరపును కూడా దాచకుండా చెప్పుకున్న కథ కనుక దీనికి ప్రత్యేకమైన విలువ ఉంది.

3. ఆదికాలం, అన్యగ్రహం

ఇరవయ్యో శతాబ్దంలో కెమెరా ఈ నేలమీదికి వచ్చినప్పుడు దానికి రెండే అర్థాలు తోచాయి. ఒకటి ఆదికాలం, రెండు అన్యగ్రహం. 1966లో విడుదలైన 'వన్ మిలియన్ ఇయర్స్ బి.సి.' అనే బ్రిటిష్ చిత్రంలో కొంత భాగం లాన్సరోతేలో తీశారు. రాక్షసిబల్లుల మధ్య ఆదిమానవులు తిరుగాడిన నేలగా తెరమీద కనిపించిన లావాకు అప్పటికి వయసు రెండు వందల ముప్ఫై ఏళ్లు. వెర్నర్ హెర్జోగ్ 'ఫాతా మోర్గానా' (1971)లోని కొన్ని దృశ్యాలు కూడా ఇక్కడివే; ఆ చిత్రంలో మాయా ప్రజల సృష్టిపురాణమైన పోపోల్ వుహ్ పాఠం వినిపిస్తుంది. హెర్జోగ్‌ది వ్యాపారచిత్రం కాదు, లోతైన వ్యంగ్యం ఉన్నదే. అయినా ద్వీపం వరకు వచ్చేసరికి రెండు చిత్రాలూ చేసిన పని ఒకటే. చరిత్ర ఉన్న నేలను చరిత్రకు ముందటి నేలగా మార్చాయి.

అన్యగ్రహం అన్న పోలికకు వాస్తవమైన ఆధారమూ ఉంది. ఐరోపా అంతరిక్ష సంస్థ తన వ్యోమగాములకు ఇచ్చే భూవిజ్ఞాన శిక్షణలో లాన్సరోతే ఒక ముఖ్య కేంద్రం. శాస్త్రజ్ఞుడికి పోలిక ఒక సాధనం. పని అయ్యాక పక్కన పెడతాడు. పర్యాటకుడికి, కళాకారుడికి అది అలవాటు అవుతుంది.

ఈ అలవాటును దాని తార్కికమైన చివరిదాకా తీసుకుపోయిన రచన ఫ్రెంచి రచయిత మిషెల్ వెల్బెక్ 'లాన్సరోతే' (2000). దీని రూపం ప్రత్యేకమైనది. ఒక చిన్న కథనం, వెల్బెక్ స్వయంగా తీసిన ఛాయాచిత్రాలు, రెండు వేర్వేరు సంపుటాలుగా ఒకే పెట్టెలో వెలువడ్డాయి. కథనంలో, 1999 డిసెంబరులో ఒక పర్యాటక సంస్థ దుకాణంలోకి నడిచి పెద్దగా ఆలోచించకుండానే లాన్సరోతేకు బయలుదేరిన మధ్యవయస్కుడు కథకుడు. అక్కడ అతనికి రూడి అనే పోలీసు అధికారి, ఇద్దరు జర్మన్ స్త్రీలు పరిచయమవుతారు. విహారయాత్రలు, విసుగు, శరీరసుఖం, మళ్లీ విసుగు. రూడి చివరికి గ్రహాంతరవాసులే మనిషిని సృష్టించారని నమ్మే ఒక మతశాఖలో చేరతాడు. ఆ శాఖ నేరాల్లో అతడూ చిక్కుకుంటాడు.

వెల్బెక్ గద్యానికి పదునుంది. సెలవు గడపడం అనే పరిశ్రమను, జాతుల గురించి పర్యాటకులు చెప్పుకునే చవకబారు తీర్మానాలను, అన్నీ చూసి ఏమీ చూడని కంటిని ఆయన నిర్దాక్షిణ్యంగా ఎగతాళి చేస్తాడు. కథకుడిని కూడా వదలడు. చిక్కు రెండో సంపుటంతో వస్తుంది. ఛాయాచిత్రాలలో ఎగతాళి లేదు. వాటిలో ప్రధానంగా రాయి, బూడిద, నిర్జన విస్తీర్ణం. కథనం ఏ పర్యాటకుడి చూపును ఎద్దేవా చేసిందో ఆ చూపుకే ఛాయాచిత్రాలు శ్రద్ధగా, కొంత భక్తితో కూడా లోబడ్డాయి. మనుషులు మాటల్లో ఉన్నారు, హాస్యాస్పదంగా. నేల బొమ్మల్లో ఉంది, గంభీరంగా. రెండు సంపుటాల మధ్య ఉన్న ఆ ఖాళీలోనే ఊళ్లు మాయమయ్యాయి.

ఈ విభజన యాదృచ్ఛికమైన ప్రచురణ ఏర్పాటు అనుకోవచ్చు. కానీ కథలో మతశాఖ ప్రవేశించే తీరు చూస్తే అలా అనిపించదు. నేలను గ్రహాంతరంగా చూపిన తరువాత అక్కడికి రావలసినది గ్రహాంతరవాసులే. మనిషికి చోటు లేని దృశ్యం మనిషిని మించిన శక్తి కోసం ఎదురుచూస్తుంది. ఐదేళ్ల తరువాత 'ఒక ద్వీపపు సంభావ్యత' అనే అర్థం గల పేరుతో వచ్చిన నవలలో వెల్బెక్ మళ్లీ లాన్సరోతేకు, మళ్లీ అలాంటి మతశాఖకు తిరిగి వచ్చాడు. ఛాయాచిత్రం వేసిన చిక్కుముడిని కథ విప్పలేకపోయిందనడానికి ఆ పునరావృత్తే నిదర్శనం.

4. గదిలోకి వచ్చిన లావా

సెసార్ మన్రీకె (1919–1992) ఈ ద్వీపంలోనే పుట్టిన చిత్రకారుడు. కొంతకాలం న్యూయార్కులో ఉండి 1960ల నడుమ తిరిగివచ్చి, ద్వీపం రూపురేఖల మీద తన ముద్ర వేశాడు. బస్సు తిరిగే దారి రూపకల్పనలోనూ ఆయన చెయ్యి ఉంది. నేలవేడి మీద మాంసం కాల్చి వడ్డించే 'ఎల్ దియాబ్లో' భోజనశాల కూడా ఆయన రూపకల్పనే. కాబట్టి అద్దం గుండా చూసే ఏర్పాటుకు ఆయన బయటి విమర్శకుడు కాడు, దాన్ని అమర్చినవారిలో ఒకడు. ఆయన ఇంటి వైపు చూసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తాహీచెలో 1730ల లావా ప్రవాహం మీద ఆయన ఇల్లు కట్టుకున్నాడు. నల్లరాతి నడుమ ఒక అత్తిచెట్టు పైకి కనిపించడంతో ఆ చోటు ఎంచుకున్నాడని చెబుతారు. చెట్టు కింద లావా బుడగ ఉంది. అలాంటి ఐదు బుడగలను కలిపి కింది అంతస్తు గదులుగా మలిచాడు. పై అంతస్తు తెల్లగోడలతో ద్వీపపు సంప్రదాయ గృహం పద్ధతిలో ఉంటుంది. ఇంట్లో ఒకచోట పెద్ద అద్దం కిటికీ ఉంది. బయటి లావా ఆ కిటికీ గుండా గదిలోకి పారివచ్చి గడ్డకట్టినట్టు అమర్చాడు. బస్సు కిటికీ, ఈ కిటికీ రెండూ లావాను చూపేవే. మొదటిది నేలను చూసేవారికి దూరంగా నిలబెడుతుంది. రెండోదాని ముందు నిలబడినవారికి లావా ఒకరి ఇంట్లోకి వస్తే ఎలా ఉంటుందో అర్థమవుతుంది. సాంతా కతలీనా ఇళ్లకు పట్టిన గతి ఆ కిటికీలో, కళ తొడుగుకున్నా సరే, కనిపిస్తుంది.

మన్రీకె 1974లో 'లాన్సరోతే, అర్కితెక్తూరా ఇనేదితా' (ఇంతవరకు వెలుగుచూడని వాస్తుకళ అని భావం) అనే గ్రంథం తెచ్చాడు. ఛాయాచిత్రాలు ఫ్రాన్సిస్కో రోహాస్ ఫరీన్యావి. ఇళ్లు, పొగగొట్టాలు, తలుపులు, కిటికీలు అందులోని విషయం. మనిషి లేని నేలకు ఉద్యానవనం హోదా దక్కిన ఏడాదే మనిషి కట్టుకున్నవాటిని భద్రపరిచే పుస్తకం రావడం కాకతాళీయమే కావచ్చు. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివిన విమర్శ మాత్రం అరుదు.

ఉద్యానవనం సరిహద్దు దాటితే వచ్చే లా హేరియా లోయ కూడా ఈ వరుసలోదే. అక్కడి రైతులు బూడిదను తవ్వుకుంటూ కింద ఉన్న పాత మట్టిని అందుకునేదాకా గరాటు ఆకారపు గుంతలు తీశారు. గుంతకో ద్రాక్షతీగ, గాలి తట్టకుండా అర్ధచంద్రాకారపు రాతిగోడ. పైనున్న బూడిదపొర రాత్రి తేమను పట్టుకొని పగటి ఎండకు ఆవిరైపోకుండా కాపాడుతుంది. పంటను చంపిన బూడిదే పంటకు తడి అయింది. ఫొటోలలో లా హేరియా తరచుగా వేల అర్ధవృత్తాల అల్లికగా, కేవలం ఆకృతిగా మిగిలిపోతుంది. ఆ ప్రతి గుంత ఒకరు 1730 నాటి పొలాన్ని వెతుక్కుంటూ తవ్వినదన్న సంగతి ఎత్తునుంచి తీసిన చిత్రానికి అందదు.

5. ఎల్ గోల్ఫో ఛాయాచిత్రం

స్పానిష్ దర్శకుడు పెద్రో అల్మొదోవర్ ఒకప్పుడు లాన్సరోతే పడమటి తీరంలోని ఎల్ గోల్ఫో దగ్గర, పైనుంచి సముద్రతీరాన్ని ఫొటో తీశాడు. సముద్రం సగం కొరికేసిన బిలం, నల్లని ఇసుక, పచ్చని మడుగు. ఫొటో కడిగించాక చూస్తే కింద ఇసుకమీద ఒక జంట కౌగిలించుకొని నిలబడి ఉంది. తీసేటప్పుడు ఆయన వారిని చూడలేదు. 2009లో వచ్చిన 'లోస్ అబ్రాసోస్ రోతోస్' (తెగిన కౌగిళ్లు) చిత్రానికి ఆ ఫొటో ఒక బీజమని ఆయనే చెప్పాడు.

రోలాఁ బార్త్ 'కెమెరా లూసిడా' (1980)లో, ఛాయాచిత్రకారుడు ఉద్దేశించకుండానే చిత్రంలోకి చేరి చూసేవారిని గుచ్చే చిన్న వివరం గురించి చర్చించాడు. ఎల్ గోల్ఫో జంట దానికి చక్కని ఉదాహరణగా కనిపిస్తుంది. కానీ బార్త్ పరిభాషతో ఇక్కడ పని పూర్తికాదు. ఆయన చర్చలో గుచ్చుకునేది చూసేవారి వ్యక్తిగత స్పందన. ఈ ఫొటోలో గుచ్చుకునేది ఈ నేలకు సంబంధించిన ఒక నిజం: నిర్జనమని నమ్మి తీసిన చిత్రంలో మనుషులు ముందునుంచే ఉన్నారు. కంటికి కనిపించనివారిని కెమెరా వదిలిపెట్టలేదు. బస్సు ఫొటోలో నీడను కత్తిరించే చెయ్యి ఇక్కడ ఆగిపోయి, కత్తిరించవలసినదాని చుట్టూనే ఒక కథ అల్లింది.

చిత్రంలో మాతేయో అనే దర్శకుడు, లేనా అనే నటి ఈ ద్వీపానికి పారిపోయి వస్తారు. తరువాత జరిగే కారు ప్రమాదంలో లేనా మరణిస్తుంది, మాతేయో చూపు పోతుంది. ఆ ప్రమాదదృశ్యం తీసినది తాహీచె కూడలిలో, మన్రీకె చేసిన గాలిశిల్పం పక్కన. 1992లో మన్రీకె కారు ప్రమాదంలో మరణించినదీ ఆ పరిసరాల్లోనే. ఏళ్లు గడిచాక చింపేసిన ఫొటోల ముక్కలను ఒక యువకుడు కలిపి అతికిస్తాడు. అంధుడైన మాతేయో, ప్రమాదానికి ముందు తామిద్దరూ పెట్టుకున్న ముద్దు కదులుతున్న తెరను చేతులతో తడుముతాడు. ఫొటోను చూడడం కాక తడమడం అనే ఈ ఊహలో అల్మొదోవర్ బలం ఉంది. లావా నేల గురించి తీసిన మరే చిత్రమూ చూపు చాలదని ఇంత సూటిగా ఒప్పుకోలేదు.

అయినా ఈ చిత్రానికి ఒక పరిమితి ఉంది. ద్వీపానికి వచ్చినవారు మాద్రిద్‌వారు, వారి దుఃఖం మాద్రిద్‌ది. ద్వీపవాసులు కథ అంచుల్లోనే ఉండిపోతారు. ఫొటోలో కౌగిలించుకున్న ఆ జంట కూడా సందర్శకులే అయి ఉండవచ్చు. అల్మొదోవర్ నేలమీదికి మనుషులను తెచ్చాడు. ఆ నేలకు చెందిన మనుషులను కాదు. ఆ పని కోసం వెతకవలసిన ఛాయాచిత్రాలు వేరే చోట, బహుశా కళగా ఎవరూ లెక్కించని చోట ఉన్నాయి. ఏటా సెప్టెంబరు నడుమ మంచా బ్లాంకా గుడికి ద్వీపం నలుమూలల నుంచి జనం సంప్రదాయ వేషాల్లో, కానుకలు పట్టుకొని నడిచి వస్తారు. ఆ రోజు ఇళ్లవారు ఒకరినొకరు తీసుకునే ఫొటోల్లో ముందు పిల్లలు, పెద్దలు, బుట్టలు, టోపీలు ఉంటాయి. లావా వారి వెనక ఉంటుంది.